సున్నపు తేట

మొహాచ్ రేవు, హంగరీ
మార్చి 1999

గౌరవనీయులైన వెలికా గారికి,

ఇంజన్ సరిగ్గానే నడుస్తోంది, నేనూ ఆరోగ్యంగానే ఉన్నాను. కస్టమ్స్ వాళ్ళు కాగితాలు చూసేదాకా పడవ ఇక్కడే ఆగాలి కాబట్టి రాయడానికి తీరిక దొరికింది. మీ మోకాలికి కుట్లు విప్పారని నెవెనా ఫోన్లో చెప్పింది. సంతోషం.

మీకు ఒక పని అప్పగించాలి. నా గాజు తొట్టిని నెవెనా చూసుకుంటుందని ధైర్యంగా బయల్దేరాను. తీరా ఫోన్లో ఆ మాట ఎత్తితే, "పొద్దున్నంతా ట్రాలీబస్సు తోలి వచ్చి, సాయంత్రం నీ సముద్రాన్ని కూడా తోలాలా? మోకాలు బాగయ్యేదాకా మా అమ్మ రోజంతా ఇంట్లోనే కదా ఉండేది, ఆవిడకే రాసుకో. మధ్యలో నన్ను పోస్ట్‌మ్యాన్‌ని చెయ్యకు" అని పెట్టేసింది. అందుకని రాస్తున్నాను.

తొట్టి మధ్యలో రాతి మీద వేళ్ళు చాచినట్టు ఉన్నదాన్ని మీరు మొక్క అనుకుంటున్నారట. అది మొక్క కాదు, పగడం. లెక్కలేనన్ని చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లు అది. గోడలన్నీ సున్నమే. ఆ గోడలకి కాల్షియం, క్షారం రెండూ కావాలి, ఈ రెంటినీ నీళ్ళలోంచే జోడుగా తీసుకుంటాయి. అసలు సముద్రంలో ఎంత తీసుకున్నా తరగదు. మన తొట్టిలో మాత్రం మనం రోజూ ఇవ్వకపోతే అడుగంటిపోతుంది. సున్నంలో రెండూ ఉన్నాయి కాబట్టి సున్నపు తేట పోస్తాం.

వంటింటి అలమారలో తెల్లటి డబ్బా ఉంది. అందులో సున్నం ఒక చెంచా తీసి, నెవెనా డిపో నుంచి తెచ్చే బ్యాటరీ నీళ్ళలో కలిపి, మూతపెట్టి కదపకుండా ఉంచండి. పైన తేరుకున్న తేట మాత్రమే ట్యూబులోంచి చుక్కచుక్కగా తొట్టిలో పడాలి. అడుగున దిగిన తెల్లటిది పారబొయ్యండి. ఉన్న మురికంతా అందులోకే దిగుతుంది.

వారానికొకసారి చిన్న సీసాలో తొట్టి నీళ్ళు గీత దాకా పోసి, పక్కనున్న మందు ఒక్కొక్క చుక్కే వేస్తూ ఊపండి. నీళ్ళు ముందు నీలంగా ఉండి, ఉన్నట్టుండి పసుపు తిరుగుతాయి. ఎన్నో చుక్కకి తిరిగితే అదీ క్షారం. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉండాలి.

శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి.

ఇట్లు,
అసెన్

రుసె
మార్చి చివర

మా ఇంజన్ అల్లుడికి,

నా కూతుర్ని చేసుకుని తొమ్మిదేళ్ళయింది. మా ఊళ్ళో అల్లుళ్ళందరూ అత్తల్ని "అమ్మా" అని పిలుస్తారు. నువ్వు మాత్రం నన్ను ఇంతవరకూ ఏమనీ పిలవలేదు. దగ్గుతావు. వంటింటి గుమ్మం దగ్గర దగ్గు వినపడిందంటే అది నాకోసమే అని అర్థం. మొన్న కవరు విప్పి "గౌరవనీయులైన వెలికా గారికి" అని చూసేసరికి, ఏ మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చిందో అని నా గుండె గుభేలుమంది.

సున్నం సంగతి నాకా చెబుతావు? మా ఆయన మిన్చో పోయాక కూడా ఏటా ఈస్టర్ ముందు పళ్ళచెట్ల మొదళ్ళకి సున్నం పూసేది నేనే. పెరట్లో ఆయన తవ్విన సున్నపు గుంట ఇప్పటికీ ఉంది. పైన ఇసుక కప్పి ఉంచితే లోపల సున్నం వెన్నలా ఉంటుంది. ఆ చుట్టుపక్కల పెళ్ళికి ఇంటికి సున్నం కొట్టాలంటే మా గుంట దగ్గరికే వస్తారు.

నీ పని మొదలుపెట్టాను. మొదటి రోజే కలిపింది కలిపినట్టు పోసేశాను, తొట్టంతా మంచు కురిసింది. నెవెనా వచ్చి చూసి, "అమ్మా, ఏం చేశావే! ఆయన చూస్తే ఆ నదిలోనే దూకుతాడు" అంది. మర్నాటికి తేరుకుంది, నువ్వు దూకనక్కర్లేదు. ఇప్పుడు తేటే పోస్తున్నాను. కానీ అంత తెల్లటి అడుగు పారబొయ్యాలంటే చేతులు రావటం లేదు.

నీ పగడం ముందు కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాను. మధ్యాహ్నం ఆ చిన్న చిన్న నోళ్ళన్నీ తెరుచుకుంటాయి కదా, అప్పుడు బాగుంటుంది. మార్చి ఒకటిన కట్టుకున్న నా మార్తెనిత్సా ఇంకా విప్పలేదు. ఈ నాలుగో అంతస్తు నుంచి ఒక్క కొంగన్నా కనపడితే కదా, విప్పి చెట్టుకి కట్టేది! చెట్టు కూడా లేదు మీకు. కొంగ కనపడగానే ఆ ఎరుపూ తెలుపూ దారాన్ని నీ తొట్టి గొట్టానికే కట్టేస్తాను.

రేడియోలో సెర్బియా మీద బాంబులు వేస్తున్నారని చెబుతున్నారు. నువ్వు దాటేశావా?

వెలికా

లింజ్ రేవు, ఆస్ట్రియా
ఏప్రిల్

వెలికా గారికి,

దాటేశాం. మేం దాటిన కొద్ది రోజులకే నోవి సాద్ దగ్గర వంతెనలు నదిలో కూలాయి. ఇప్పుడు పైనున్న పడవలు పైనా, కిందవి కిందా ఉండిపోయాయి. సగం మందిని రైల్లో ఇంటికి పంపేస్తున్నారు. ఇంజన్ మనిషి పడవ వదలకూడదట. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పడం లేదు. నెవెనాకి ఫోన్ చేసి చెప్పాను, "నువ్వు లేకపోతే మంచం నిండా నేనే" అంటూ నవ్వింది కానీ, ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

మీ దగ్గర దాచడమెందుకు, తొట్టి గురించి బెంగగా ఉంది. ఆ పగడం నేను కొన్నది కాదు. జర్మనీలో రెగెన్స్‌బుర్గ్ లాకుల దగ్గర అలోయిస్ అని గేట్లు తెరిచే ఆయన ఉన్నాడు. మా పడవ వంతు వచ్చేదాకా ఆయన గదిలో కూర్చునేవాణ్ణి. ఆ గదిలో పెద్ద సముద్రపు తొట్టి. ఈ సున్నపు తేట విద్య నాకు నేర్పింది ఆయనే. ఓ రోజు చిటికెన వేలంత కొమ్మ విరిచి పాలక్యానులో వేసి ఇచ్చాడు. చల్లబడకుండా ఇంజన్ పక్కన పెట్టుకుని రుసె దాకా తెచ్చాను. దార్లో మా వంటాయన గంచో, "ఉప్పు సరిపోయింది, ఉల్లిపాయ వేస్తే సూపే" అని రోజూ ఏడిపించేవాడు.

పోయిన శీతాకాలంలో అలోయిస్ తొట్టి పగిలింది. ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. ఈసారి మనదాంట్లోంచి ఒక కొమ్మ తెచ్చి ఇస్తానని మాటిచ్చాను. ఇప్పుడు ఆ పగడం ఉన్నది మన ఇంట్లోనే, ఇంకెక్కడా లేదు.

డబ్బాలో సున్నం మరో నెల రావచ్చు. ఇక్కడి నుంచి ఎవరైనా బయల్దేరితే పంపిస్తాను. అడుగు పారబొయ్యడం మాత్రం మర్చిపోకండి. మిమ్మల్ని ఏమని పిలవాలో నిజంగానే నాకు తెలియదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ మాట వాడి చాలా కాలమైంది.

అసెన్

రుసె
మే

పైన ఇరుక్కుపోయిన అల్లుడికి,

నీ ఉత్తరంలో చివరి మాటలు రెండుసార్లు చదివాను. సరే, దగ్గుకో.

ఇక్కడ అంతా నిక్షేపంగా ఉంది. మోకాలు వంగుతోంది. గెర్గ్యోవ్‌డెన్ పండక్కి బస్సెక్కి మా ఊరు వెళ్ళొచ్చాను. ద్రాక్షతోట బాగా చిగిర్చింది. గొర్రెపిల్లని కాల్చాం, నీ వాటా కూడా నేనే తిన్నాను. దార్లో పొలాల్లో కొంగలు కనపడ్డాయి, వస్తూనే మార్తెనిత్సా నీ తొట్టి గొట్టానికి కట్టాను.

ఇంకో శుభవార్త. నీ డబ్బాలో సున్నం అయిపోయింది. కానీ నువ్వు ఎవరి చేతా పంపనక్కర్లేదు, ఏర్పాటు చేసేశాను. ఎలాగని అడక్కు, వచ్చాక చూసి నువ్వే మెచ్చుకుంటావు. ఇప్పుడు అడుగు కూడా వృథా చెయ్యడం లేదు, బాగా కలిపి పలచగా చేసి కొంచెం కొంచెం పోస్తున్నాను, మంచు కురవడం లేదు.

పైగా ఇప్పుడు అంత సున్నం కూడా అక్కర్లేదని కనిపెట్టాను. నెవెనాకి జ్వరం వచ్చి వారంపాటు ఆ ధ్యాసలో పడి అసలు పొయ్యలేదు. భయపడుతూ చుక్కలు వేసి చూస్తే అంకె ఉన్నచోటే ఉంది! నీకు సున్నం ఆదా చేసిపెట్టాను. జ్వరం తగ్గింది, కంగారు పడకు.

నీ తొట్టిలో నత్తలు మాత్రం బద్ధకించాయి. అన్నీ అద్దం మీంచి కిందికి దిగి ఇసకలో పడుకున్నాయి. వేసవి కదా.

వెలికా

లింజ్
మే చివర

వెలికా గారూ,

రెండు రోజులుగా ఫోన్ కలవడం లేదు, అందుకే రైల్లో వెళ్తున్న మనిషి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. దయచేసి వెంటనే జవాబు రాయండి.

ఆ సున్నం ఎక్కడిది? దేంట్లో తెచ్చారు? అందులో ఇంకేమైనా కలిసిందా?

వారం రోజులు పొయ్యకపోయినా అంకె దిగలేదంటే అది ఆదా కాదు. భోజనాల వేళ దాటినా గిన్నెలో సూప్ అలాగే ఉందంటే ఏమనుకుంటాం? మిగిలిందని సంబరపడతామా, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అనుకుంటామా? బతికున్న పగడం సున్నం తింటుంది, అంకె దిగుతుంది. దిగడం లేదంటే తినడం మానేసింది. నత్తలు పడుకోవు. తిరగేసి, వాసన చూడండి.

తక్షణం ఆ సున్నం ఆపెయ్యండి.

అసెన్

రుసె
జూన్

అసెన్‌కి,

నత్తలు చచ్చిపోయాయి. వాసన చూశాను.

సున్నం మా గుంటలోదే. దాంట్లో దోషం లేదు, దేవుడి మీద ఒట్టు. తెచ్చిన బకెట్‌లో ఉంది. మా ఇంట్లో సున్నం అంటే ఆ బకెట్టే. చెట్లకి పుయ్యాలన్నా అదే, గోడలకి కొట్టాలన్నా అదే. ద్రాక్షతీగలకి బూజు పట్టకుండా చల్లడానికి సున్నంలో మైలుతుత్తం కలిపేదీ దాంట్లోనే. మా ఊళ్ళో ద్రాక్షతోట ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటి బకెట్ ఒకటి ఉంటుంది, లోపలంతా ఆకాశంలా నీలం. ఎన్నిసార్లు కడిగినా ఆ నీలం పోదు. నేను బాగా కడిగాననుకున్నాను. పైగా అడుగు వృథా కాకూడదని కలిపి మరీ పోశాను.

నీ ఉత్తరం చదివి నెవెనా ఫార్మసీలో అడిగొచ్చింది. "అమ్మా, మైలుతుత్తం అంటే రాగి. అందులో నత్తా, పగడం ఏదీ బతకదట" అంది. అది కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

నువ్వు పంపిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. తేట మాత్రమే పోసి అడుగు పారబొయ్యమని రెండుసార్లు రాశావు. పగడం మధ్యభాగం ఎముకలా తెల్లబడింది. ఆ నోళ్ళు తెరుచుకోవడం మానేసి చాన్నాళ్ళయింది. నీకు రాయలేదు. ఎండకి ముడుచుకుందని నాకు నేనే చెప్పుకున్నాను. చివర్లు మాత్రం ఇంకా ముదురు రంగులోనే ఉన్నాయి.

నా వల్ల ఏదైనా బాగుపడేది ఉంటే చెప్పు, చేసి మా ఊరు వెళ్ళిపోతాను. నీ ఇంట్లో ఆ ఒక్కటీ నీదంటూ ఉంది, దాన్నీ తగలేశాను. నువ్వు తిరిగొచ్చేసరికి ఆ తొట్టి ముందు నన్ను కూర్చోబెట్టకు.

వెలికా

లింజ్
జూన్

అత్తగారూ,

ముందు ఒక మాట. మీరు ఎక్కడికీ వెళ్ళకండి. చదివినప్పుడు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంజన్ గదిలోకి వెళ్ళి అరగంట స్పానర్లు విసిరాను. గంచో వచ్చి, "ఎవరు పోయారు?" అన్నాడు. ఇంకా ఎవరూ పోలేదు అన్నాను. చివర్లు ముదురు రంగులో ఉన్నాయని రాశారుగా. ఆ ఒక్క వాక్యం పట్టుకుని పైకొచ్చాను.

గంచో రేపు రైల్లో బయల్దేరుతున్నాడు. వాడి చేత ఒక పట్టీ పంపుతున్నాను, మెత్తగా దుప్పటి ముక్కలా ఉంటుంది. అలోయిస్‌కి ఫోన్ చేసి సంగతంతా చెబితే వెంటనే తెచ్చిచ్చాడు. దాన్ని నీళ్ళు పారే చోట పెట్టండి. రాగి ఉంటే పీల్చుకుని నీలంగా మారుతుంది. మంచం కింద ఉప్పు బస్తా ఉంది. బ్యాటరీ నీళ్ళలో ఉప్పు కలిపి కొత్త నీళ్ళు తయారుచేసి, పాత నీళ్ళు సగం తీసేసి పొయ్యండి. నాలుగు రోజులాగి మళ్ళీ సగం. బకెట్లు వద్దు, వైన్ పోసుకునే గాజు బుడ్లు వాడండి. కొత్త సున్నం కూడా గంచో దగ్గరే ఉంది.

తర్వాత అసలు పని. బతికున్న చివర్లని కత్తిరించి వేరే రాళ్ళ మీద నాటాలి. ఇది మీకు నేను నేర్పక్కర్లేదు. ద్రాక్షకొమ్మ ఎక్కడ కత్తిరిస్తారో అలాగే. తెల్లబడిన దానికి కొంచెం ఎడంగా, బతికున్న వైపు.

అలోయిస్ ఏమన్నాడో చెప్పనా? "మా ఆవిడ ఒకసారి ఆ గదికి రంగు వేయించింది. నాకు అప్పుడు పోయింది ఇంతకంటే ఎక్కువే. ఆ పెద్దావిడని వదులుకోకు, పగడం ముందు కూర్చునే మనిషి దొరకడం కష్టం" అన్నాడు.

అసెన్

రుసె
జూలై

స్పానర్లు విసిరే అల్లుడికి,

గంచో వచ్చాడు. మనిషి తలుపు అంతున్నాడు. రాగానే తొట్టి చూసి టోపీ తీశాడు, చచ్చినవాళ్ళింటికి వచ్చినట్టు. "ముందు ఆ టోపీ పెట్టుకో, ఇంకా ఎవరూ పోలేదు" అన్నాను. జున్ను పెట్టి బానిత్సా కాల్చి పెడితే పళ్ళెం ఖాళీ చేసి, నువ్వు మాట్లాడేదంతా ఈ పగడం గురించేనని, మధ్యమధ్యలో మాత్రం నెవెనా గురించని చెప్పి పోయాడు.

పట్టీ పెట్టిన మర్నాటికి నీలం తిరిగింది. సరిగ్గా మా బకెట్ లోపలి రంగే. దాన్ని చూసి కూర్చుని ఏడ్చాను, ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి చెబుతున్నాను. నెవెనా వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడి, "అమ్మా, బయటికొస్తోందే, చూడు, అదంతా బయటికొస్తోంది" అంది. నిజమే కదా, రాగి పట్టీలోకి వస్తోందంటే నీళ్ళలోంచి పోతోందనే. అలా నాకు తోచలేదు. నీళ్ళు రెండుసార్లు మార్చాం. బుడ్లు మొయ్యడం నెవెనాదే. "సముద్రం తోలనన్నదాన్ని, ఇప్పుడు మోస్తున్నాను" అని నీ పేరు చెప్పి తిట్టుకుంటూనే మోసింది.

కొమ్మలు కత్తిరించాను. నా తోట కత్తెరే, అరవకు, కొత్త బ్లేడు వేయించి ఉడకబెట్టాను. అయిదు చివర్లు దక్కాయి. రాళ్ళ కన్నాల్లో గుచ్చితే నిలవలేదు. ఏం కట్టాలా అని చూస్తే గొట్టానికి కట్టిన మార్తెనిత్సా ఉంది. దాన్ని విప్పి తెల్ల దారం మాత్రం వేరు చేసి కట్టాను. ఎర్రది వాడలేదు, రంగు దిగిందంటే నిన్ను పట్టలేం. ద్రాక్ష కత్తిరించినప్పుడు కోసినచోట వైన్ పోస్తాం మా వాళ్ళం. ఇక్కడ నీళ్ళలో పొయ్యకూడదని నేనే తాగాను.

ఇప్పుడు తేటే పోస్తున్నాను, అడుగు పారబోస్తున్నాను. పారబోస్తున్నప్పుడల్లా నీకు వినపడేలా చెబుతున్నాను. అంకె ఇంకా కదల్లేదు. వారానికొకసారి అన్నావు, నేను రోజూ నాలుగింటికి చూస్తున్నాను. మందు త్వరగా అయిపోతుంది, తిట్టుకో.

వెలికా

లింజ్
జూలై చివర

అత్తగారూ,

మందు ఎంతైనా వాడండి, ఇంకోటి కొన్నాను. రోజూ నాలుగింటికి మీరు చుక్కలు వేస్తుంటారని తలుచుకుంటున్నాను. ఆ వేళకి ఇంజన్ దగ్గర ఏ పనీ చెయ్యడం లేదు.

ఏదీ దిగకపోతే కూడా రాయండి. ఈసారి ఎండ, నిద్ర అని దాచకండి. అయిదు కొమ్మలూ పోయినా సరే, నేను ఇంటికి వచ్చేసరికి మీరు అక్కడే ఉండాలి. ఇది మర్యాదకి రాస్తున్నది కాదు.

సెప్టెంబర్‌లో మమ్మల్ని బస్సులో పంపుతారని అంటున్నారు.

అసెన్

రుసె
ఆగస్టు

అసెన్,

తిన్నది!

నిన్నటికీ ఇవాళ్టికీ ఒక చుక్క తగ్గింది. నమ్మక మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. నెవెనా చేత చేయించాను, దానికీ అంతే. సున్నం పోసినా తగ్గింది! నాలుగు కొమ్మలు నోళ్ళు తెరిచాయి. అయిదోది పోయింది, అదీ నీకు దాచకుండా చెబుతున్నాను. ఇద్దరం కుర్చీల్లో కూర్చుని, వచ్చిన పక్కింటివాళ్ళకల్లా "తింటోంది" అని చెప్పాం. వాళ్ళు నెవెనా కడుపుతో ఉందనుకుని చెర్రీ మురబ్బా తెచ్చిచ్చారు. తిరిగివ్వలేదు.

ద్రాక్ష పండింది. సెప్టెంబర్‌లో నేను ఊళ్ళో ఉండాలి, కోతకి నేను లేకపోతే మరిది పచ్చికాయలు కూడా కోసేస్తాడు. పారిపోతున్నానని అనుకోకు. నువ్వు వచ్చే రోజు తెలిసేదాకా ఆగుదామనుకున్నాను, పళ్ళు ఆగవు. తేట కలిపి బుడ్డిలో ఉంచి వెళ్తాను.

వెలికా

రుసె
సెప్టెంబర్

అమ్మా,

ఇల్లు చేరాను. మూట కింద పెట్టి, నెవెనాని వదిలి, తొట్టి దగ్గరికి వెళ్ళాను. "తొమ్మిదేళ్ళ మొగుడు, ఆరు నెలల తర్వాత వచ్చి ముందు పగడాన్ని పలకరిస్తున్నాడు" అని అది వెనకనుంచి అరుస్తూనే ఉంది. తర్వాత దాన్నీ పలకరించాను, నువ్వు దిగులుపడకు.

పాతది మధ్యలో అలాగే తెల్లగా ఉంది. ఎండిన కొమ్మలా నిలబడి ఉంది, దాన్ని తీసెయ్యను. దాని చుట్టూ నువ్వు నాటిన నాలుగూ ఉన్నాయి. చివర్లు లేత రంగులో ఉన్నాయి, అంటే పెరుగుతున్నాయి. నువ్వు కట్టిన తెల్ల దారం కోసం వెతికాను. మూడింటి మీద కనపడలేదు. పగడం దారం మీదుగా పాకి రాతిని పట్టేసుకుంది, దారం లోపల ఉండిపోయింది. నాలుగోదాని మీద ముడి ఒక్కటే మిగిలింది. అంటే ఇంక విప్పడం ఎవరి తరమూ కాదు.

సాయంత్రం నాలుగింటికి చుక్కలు వేశాను. నెవెనా నిన్న రాసిపెట్టిన అంకె కంటే ఒక చుక్క తక్కువ. తింటోంది. నువ్వు కలిపి పెట్టిన తేట అద్దంలా ఉంది, నేను ఎప్పుడూ అంత బాగా తేర్చలేదు.

బాల్కనీలో నీలం బకెట్‌లో జిరేనియం పూసి ఉంది. అడుగున కన్నాలు పొడిచి మరీ నాటావట, ఇంక ఎవరూ దాంట్లో ఏమీ కలపకుండా. నెవెనా చెప్పింది. దాన్ని అక్కడే ఉంచుతాం.

పై నెల నది తెరుచుకున్నా తెరుచుకోకపోయినా బస్సులోనైనా వెళ్ళి అలోయిస్‌కి ఒక కొమ్మ ఇస్తాను. ఏ కొమ్మ ఇవ్వాలో నువ్వు వచ్చి చెప్పు, నాటింది నువ్వు. కుర్చీ తొట్టి ముందే ఉంది. నెవెనా దాంట్లో కూర్చోబోతే వద్దన్నాను, అది నీది. నాకు నువ్వు కావాలి అమ్మా. పగడానికని కాదు.

అసెన్

దోల్నో లోజె
అక్టోబర్

బాబూ అసెన్,

నీ ఉత్తరం వచ్చేటప్పటికి తొట్టెలో ద్రాక్ష తొక్కుతున్నాను. కాళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతులు బంకగా ఉన్నాయి. మా మరిది కవరు చింపి పట్టుకుంటే పై మాట ఒక్కటి చూసి, "ఇంక చాలు, మడిచి జేబులో పెట్టు" అన్నాను. సాయంత్రం కాళ్ళు కడుక్కుని దీపం పెట్టుకుని మిగతాది చదివాను. ముడి ఒక్కటే మిగిలిందన్నావు, బాగుంది.

అలోయిస్‌కి కుడివైపుది ఇవ్వు, అన్నిటికంటే ముందు నోరు తెరిచింది అదే. ఆయనకి వైన్ కూడా ఒక బుడ్డి పంపుతాను. గంచోకి చెప్పకు, దార్లో తాగేస్తాడు.

వైన్ పీపాల్లోకి ఎక్కించేదాకా ఇక్కడే ఉంటాను. అప్పటిదాకా సున్నం నువ్వే కలుపుకో. చేత్తో ఊరికే కదపకు, నీకు ఆగే ఓపిక లేదు, మసకగా పోస్తావు. పైన పొర కట్టినా భయపడకు, అలా ఉంచు.

నెలాఖరు శనివారం పొద్దున బస్సుకి వస్తాను. స్టాండుకి రా. సంతరోజు, జనం కిటకిటలాడుతూ ఉంటారు, నాకు మోకాలితో త్వరగా తిరిగి చూడటం రాదు. కాబట్టి కాగితం మీద రాసిన ఆ మాటే అక్కడ గట్టిగా పిలువు. దగ్గితే వినపడదు.

అమ్మ